పదిహేను అంగుళాల పట్టా

జనగామలో ఒక కాళ్ళు తుడుచుకునే పట్టా మనిషిని మింగేసింది. పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా, యాభై తొమ్మిదేళ్ళ యమునను చెంబుతో సహా గుటుక్కున మింగింది.

సరే, మొత్తం మింగలేదు. ఎడమ మణికట్టు ఒక్కటే కొరికింది. మిగతా మనిషిని తీసుకుపోయి నలభై రోజులు మానుకోటలో, కూతురు పూజ ఇంట్లో దాచిపెట్టింది. కానీ ఆ నలభై రోజులు జనగామలో ఒంటరిగా మిగిలిపోయిన ఆమె భర్త సదానందం మేస్త్రికి మింగడానికీ దాచడానికీ తేడా ఏమీ కనబడలేదు.

సదానందం నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి. టేపు తియ్యకుండా, ఒక కన్ను మూసి గోడ వైపు చూసి "మూడడుగుల ఏడంగుళాలు" అనేవాడు. తర్వాత టేపు పెడితే అది కూడా భయపడి అంతే చూపించేది. మోకాళ్ళు అరిగి పని మానేసి రెండేళ్ళయినా టేపు మాత్రం జేబులోనే ఉంటుంది. పెళ్ళి భోజనానికి వెళ్ళినా విస్తరి ముందు కూర్చుని పందిరి గుంజలకు మధ్య దూరం కళ్ళతోనే కొలుస్తాడు.

అంతటి కొలతల మనిషి తన ఇంటి మెట్టు దగ్గర ఓడిపోయాడు. ఇల్లు కట్టుకున్నప్పుడు ముచ్చటపడి దర్వాజకు మూడున్నర అడుగుల వెడల్పు పెట్టుకున్నాడు. బయట మెట్టుకు మాత్రం పదిహేడు అంగుళాల జాగాయే దొరికింది. దాని ముందే మురుగునీటి మోరి. మెట్టు పెంచుదామంటే మోరి ఒప్పుకోదు, మోరిని జరుపుదామంటే వీధి ఒప్పుకోదు. పైగా రెండేళ్ళ కిందట మెట్టు మీదా, ఇంట్లోనూ నున్నటి గ్రానైటు పరిపించాడు. దాంతో ఇంట్లో నేల పెరిగి తలుపు కింద వేలు దూరే సందు కూడా మిగల్లేదు. తడి కాలు పడితే రాయి జారుతుంది. పట్టా లేకుండా కుదరదు.

ఆ పట్టాను వీధి మూల దుర్గయ్య దుకాణంలో కొన్నాడు. చిన్నవి, పెద్దవి రెండు రకాలే ఉన్నాయక్కడ. సదానందం చిన్నదాని మీద చెయ్యి వెయ్యగానే దుర్గయ్య నవ్వాడు.

"మూడున్నర అడుగుల దర్వాజకు గింత పట్టానా మేస్త్రీ? ఏనుగు మెడకు మేక గంట కట్టినట్టుంటది."

ఆ మాటకు సదానందానికి పౌరుషం వచ్చింది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడుగు ఉన్న పెద్ద కొబ్బరిపీచు పట్టా భుజానేసుకుని ఇంటికి నడిచాడు. జేబులో టేపు ఉంది. తియ్యలేదు. జీవితంలో మొదటిసారి కొలవకుండా ఒక వస్తువు తెచ్చాడు.

పట్టా మెట్టు దాటి ఏడంగుళాలు మోరి మీదికి వేలాడింది. యమున చూసి, "గిదేంది పూజ బాపూ, నాలిక బయటపెట్టినట్టున్నది?" అన్నది.

"తొక్కంగ తొక్కంగ అదే సదురుకుంటది తియ్యి," అన్నాడు సదానందం.

నాలుగో రోజు శుక్రవారం. పొద్దున్నే యమున గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. చెంబుతో నీళ్ళు పట్టుకుని బయటికి అడుగేసింది. మెట్టు ఉందనుకున్న చోట పట్టానే ఉంది, దాని కింద మెట్టు లేదు.

దవాఖానలో విరిగిన చేతికి పట్టీ వేశారు. కూతురు పూజ మానుకోట నుంచి పరుగెత్తుకొచ్చి తల్లిని వెంట తీసుకుపోయింది.  పోతూ పోతూ మెట్టు వైపు ఒకసారి, ఆయన జేబులో టేపు వైపు ఒకసారి చూసి ఆటో ఎక్కింది.

మొదటి వారం సదానందం అన్నం వండితే జావ అయింది. రెండో వారం జావ కాచుకుందామంటే మాడి అన్నమైంది. అదంతా ఓర్చుకోగలిగాడు. శుక్రవారం వస్తే మాత్రం వీధిలో అన్ని గడపలూ పచ్చగా మెరిసేవి, తన గడప ఒక్కటే ఎండిపోయిన పెదవిలా ఉండేది. అటు చూడలేక ఆ రోజంతా పెరటి తలుపు నుంచి తిరిగేవాడు.

యమునకు పట్టీ తీసిన రోజు ఫోన్ చేశాడు.

"చేయి బాగైనట్టేనా? రేపు వచ్చి తోల్కపోనా?"

అవతల నుంచి యమున అన్నది: "చేయి బాగైంది గని, గా మెట్టు యాదికొస్తే కాళ్ళు వణుకుతున్నయి. నిన్న కలల సుత పడ్డ."

"గా పట్టా అవతల పారేసిన కదనే."

"పారేస్తే ఎట్ల? తడి కాళ్ళకు ఆ రాయి జారుతది. పట్టా ఉండాలె. యేలాడొద్దు, జరగొద్దు, మడత పడొద్దు. నా రెండు కాళ్ళు ఒక్కసారే పట్టాలె. గసొంటిది ఏసినంక చెప్పు, వస్త."

తర్వాత ఫోన్ పూజ తీసుకుంది. గొంతు తగ్గించి, "బాపూ, అవ్వను ఈడనే ఉండనీ. నువ్వు సుత తాళమేసి వచ్చెయ్యి. గా ఇల్లు ఎందుకు ఇగ?" అన్నది.

తన చేత్తో ఇటుక ఇటుక పేర్చిన ఇంటికి తాళం! సదానందం ఫోన్ పెట్టేశాడు. యమున రావాలంటే పట్టా కావాలి. పట్టా దొరక్కపోతే యమున రాదు, ఇల్లూ ఉండదు. ఇంతకు మించి ఆయనకు ఇంకే లెక్కా తోచలేదు.

అప్పుడు టేపు తీశాడు. మెట్టు లోతు పదిహేడు. అంచుకు రెండు వేళ్ళ జాగా వదలాలి, కాబట్టి పదిహేను. దర్వాజ నలభై రెండు, అటూ ఇటూ మూడేసి వదిలితే ముప్పై ఆరు. పదిహేనుకు ముప్పై ఆరు. కాగితం మీద రాసుకుని బజారున పడ్డాడు.

ఆ కొలత పట్టా భూమ్మీద లేదు. చిన్న పట్టా మెట్టు మీద సరిగ్గా కూర్చుంటుంది గాని పొడుగు అడుగున్నరే. కుడి కాలు పట్టా మీద పెడితే ఎడమ కాలు రాతి మీదే ఉంటుంది. రెండు చిన్నవి పక్కపక్కన వేసి చూశాడు, నడుమ సందులో తన బొటనవేలే ఇరుక్కుంది. పాత పెద్ద పట్టాను వెతికి తెచ్చి కొలత ప్రకారం కత్తిరించాడు. కత్తిరించిన వైపు నుంచి పీచు ఊడడం మొదలై, మూడు రోజుల్లో పట్టా సగమైంది, మిగతా సగం ఆయన అన్నంలో కనబడింది. మానుకోటలో భార్యను చూసిరావడానికి పోయి స్టేషన్ దగ్గర రబ్బరు పట్టా ఒకటి కొన్నాడు. అది కొలతకు దగ్గరగా వచ్చింది, కానీ నీళ్ళు పడగానే పట్టాతో పాటు సదానందం కూడా మోరి దాకా జారాడు.

బయట కుదరకపోతే లోపల వేద్దామనుకున్నాడు. గుమ్మం లోపల పట్టా పరిచి తలుపు వేశాడు. మళ్ళీ తియ్యబోతే అది తలుపు కింద మేకులా బిగుసుకుంది. పెరటి తలుపుకు ఆ పొద్దున్నే బయటి నుంచి గొళ్ళెం పెట్టాడు. జనగామలో వందల తలుపులు నిలబెట్టిన మేస్త్రి తన ఇంట్లో తానే ఖైదీ అయ్యి, కిటికీ చువ్వలు పట్టుకుని అరిచాడు.

"దుర్గన్నా! ఓ దుర్గన్నా! జర వెనుక నుంచి వచ్చి గొళ్ళెం తియ్యే!"

గొళ్ళెం తీసిన దుర్గయ్య ఆయన వాలకం చూసి ఈసారి నవ్వలేదు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి, చేతిలో కొలతల కాగితం చెమటకు మెత్తబడిపోయింది.

"గింత పరేషాన్ ఎందుకే? భూపాలపల్లిల సోమక్కని ఉన్నది. పాత చీరెలతోటి కొలత పెట్టి పట్టాలు అల్లుతది. బొగ్గు బాయికి పొయ్యొచ్చే కాళ్ళను తుడిసే ఊరది. పట్టా సంగతి వాళ్ళకు ఎరుకైనట్టు మనకు ఎరుక గాదు."

మర్నాడే సదానందం ఇంట్లో ఉన్న రెండు పాత చీరెలు సంచిలో పెట్టుకుని, హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరాడు. సోమక్క నడివయసు మనిషి. వాకిట్లో చెక్క చట్రం ముందు కూర్చుని, చీరెలను వేలెడు వెడల్పు పేలికలుగా చింపి అల్లుతోంది. కాగితం చూసి కళ్ళెగరేసింది.

"పదిహేను ముప్పై ఆరు. గిది పట్టానా, పాము పడకనా?"

"నా పెండ్లాం ఇంటికొచ్చే తొవ్వ, అక్కా."

సోమక్క చీరెలు తడిమి చూసి పెదవి విరిచింది. "రెండు సాలయి. పైగా రెండు సుత సిల్కు తీరుగ జారేటియి. నూలు చీరె ఒకటి కావాలె. గట్టి నేతది, పాతది. గదుంటేనే పట్టా రాయిని పట్టుకుంటది."

మళ్ళీ జనగామ. బీరువా వెతికితే నూలు చీరెలన్నీ యమున వెంట మానుకోటకు పోయాయి. ఆమెను అడిగితే సంగతి బయటపడుతుంది, పట్టా వేసి చూపించి ఆశ్చర్యపరచాలని ఆయన కోరిక. చివరికి పైకప్పు కింది సజ్జ మీద పాత బియ్యం సంచి కనబడింది. ఆ ఇంట్లో పాత గుడ్డలన్నీ బియ్యం సంచుల్లోనే ఉంటాయి. లోపల ఎండు వేపాకుల నడుమ ఆకుపచ్చ నూలు చీరె, ఎర్రంచుది. ఒడి దగ్గర పచ్చటి మరకలు. పప్పు మరకలనుకున్నాడు. నేత గట్టిగా ఉంది. సజ్జ దిగేటప్పుడు ఆయనకు ఏడ్చినంత సంతోషమైంది.

చీరె ఇచ్చి వచ్చిన మూడో రోజు యమునకు ఫోన్ చేశాడు. "పట్టా దొరికింది. నువ్వడిగినట్టే. పదిహేను ముప్పై ఆరు. అంగుళం అటు ఇటు లేదు."

"ఒట్టేనా?"

"నా తాపీ మీద ఒట్టు."

యమున గొంతు తేటపడింది. "అయితే శుక్రారం వస్త. ఇగో, ఒక పని జెయ్యి. సజ్జ మీద బియ్యం సంచి ఉన్నది సూడు. అందుల మా అవ్వ ఆఖరిసారి ఒడిబియ్యం పోసినప్పుడు పెట్టిన చీరె ఉన్నది. తీసి ఎండకెయ్యి. చేయి బాగైతే అది కట్టుకొని చిల్పూరు గుట్ట ఎక్కుతనని ఎంకన్నకు మొక్కుకున్న."

సదానందం చెవిలో ఆ తర్వాత మాటలేవీ పడలేదు.

అవి పప్పు మరకలు కావు. పసుపు కలిపిన బియ్యం మరకలు. నర్మెట్టలో ఉండే అత్త ఈదమ్మ కూతురిని పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీరె ఒడిలో దోసిళ్ళతో ఆ బియ్యం పోసింది. ఆ ఏడే పోయింది. యమునకు అన్నదమ్ములు లేరు. పుట్టింటి నుంచి ఒడి నింపేవాళ్ళు ఇక ఎవరూ లేరు. అందుకే ఆ చీరె ఉతకలేదు, మళ్ళీ కట్టలేదు, పురుగు పట్టకుండా వేపాకు వేసి దాచుకుంది.

మొదటి బస్సుకు భూపాలపల్లి. దారి పొడుగునా కిటికీ అద్దానికి తల ఆనించి, ఒక్కటే మొక్కుకున్నాడు. సోమక్కకు జ్వరం రావాలని. చెయ్యి బెణకాలని. చట్రం విరగాలని. ఆమెకు ఏమీ కాలేదు. పట్టా తయారై గోడకు ఆనించి ఉంది.

"కొలుసుకో అన్నా. వెంట్రుక వాసి తప్పితే నా పేరు సోమక్క గాదు."

సదానందం నేల మీద కూలబడ్డాడు. "విప్పక్కా. మొత్తం విప్పు. పచ్చ చీరె నాకు కావాలె."

"కూరైనంక కోడిని కూతెయ్యమంటే కూస్తదా? అంత పేలికలే కద!"

ఆయన చెప్పాడు. వింటూ వింటూ సోమక్క చేతిలోని కత్తెర దూరంగా పెట్టేసింది.

"ఒడిబియ్యం చీరెనా? నా చేతులతోని కత్తెర పెట్టించినవా? నీకు కండ్లున్నయా అన్నా, కొలతలే ఉన్నయా?" అని కసిరింది. తర్వాత పట్టాను తీసి కళ్ళకద్దుకుంది. "తీస్కపో. ఆమెకు చెప్పు. దాయకు. ఆడిదానికి తల్లి చీరె గుడ్డి కండ్లకు సుత తెలుస్తది."

కానీ సదానందం దాచాలనే అనుకున్నాడు. మనిషి మునిగేటప్పుడు గడ్డిపోచ పట్టుకున్నట్టు, జనగామ బట్టల దుకాణంలో ఆకుపచ్చ నూలు చీరె, ఎర్రంచుది, కొత్తది కొన్నాడు. స్లాబుకు నీళ్ళు పెట్టినట్టు రోజుకు ఆరుసార్లు తడిపి ఆరేశాడు. గచ్చు మీద వేసి రుద్దాడు. పసుపు కలిపి, ఒడి దగ్గర ఒక్కొక్క మరకా వేలితో అద్దాడు. బియ్యం సంచిలో వేపాకులతో సహా పెట్టి సజ్జ ఎక్కించాడు. అసలు పట్టాను మంచం కింద తోశాడు.

శుక్రవారం పొద్దున ఆటో వచ్చి ఆగింది. యమున దిగింది. పూజ సంచి పట్టుకుని వెనుక నిలబడింది. సదానందం ఆ రోజు గడపకు తానే పసుపు రాసి, బొట్లు పెట్టాడు. మెట్టు మాత్రం నున్నగా, ఖాళీగా ఉంది.

"పట్టా ఏది?" అన్నది యమున.

"ఇయ్యాల... చెయ్యి పట్టుకో, నేనున్న కద."

"దొరికిందన్నవు. తాపీ మీద ఒట్టేసినవు." ఆమె మెట్టు వైపు చూసింది.  రెండడుగులు వెనక్కి వేసింది. "నాతోని గాదు, పూజా. ఆటోను పోనియ్యకు."

ఆటో అతను ఇంజిన్ ఆపలేదు. దుర్గయ్య దుకాణంలోంచి తొంగిచూశాడు. సదానందం ఒక్క క్షణం గడపలో నిలబడి, తర్వాత లోపలికి ఉరికి, మంచం కింద నుంచి పట్టా లాక్కొచ్చి మెట్టు మీద పరిచాడు.

అది అచ్చు పోసినట్టు కూర్చుంది. ముందు రెండు వేళ్ళు, పక్కలకు మూడేసి అంగుళాలు. జరగలేదు, లేవలేదు, వేలాడలేదు. నలభై ఏళ్ళలో ఆయన పెట్టిన ఏ రాయీ అంత చక్కగా కుదరలేదు. యమున దాని వైపు చూసి మెల్లగా ఊపిరి వదిలింది. చెప్పులు విడిచింది. దగ్గరికి వచ్చింది. కుడి పాదం ఎత్తింది.

"పెట్టకు!"

ఆ అరుపుకు మోరి పక్కన కోళ్ళు చెదిరిపోయాయి. యమున ఒంటికాలి మీద ఊగింది. సదానందం మోకాళ్ళ నొప్పి మరిచి, వంగి ఆమె పాదాన్ని రెండు చేతులా గాల్లోనే పట్టుకున్నాడు.

"పెట్టకే. గది మీ అవ్వ చీరె. ఒడిబియ్యం చీరె. పప్పు మరకలనుకొని నేనే ఇచ్చిన."

పూజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యమున భర్త చేతుల్లోంచి పాదం విడిపించుకుని, వీధిలోనే కింద కూర్చుంది. పట్టా మీద వేళ్ళు నడిపింది. ఆకుపచ్చ పేలికల మధ్య ఒకచోట పసుపు మరక ముక్క, మూడు వరుసల తర్వాత ఇంకొకటి. ప్రతి ముక్క దగ్గరా వేలు ఆగింది.

"మరకలన్ని ఈ తొక్కే పక్కనే వచ్చినయి," అన్నది చివరికి.

"విప్పమన్న. ఎంత బతిమాలినా అయితదా..."

"నోరు మూసుకో."

పట్టాను ఎత్తి గుండెలకు హత్తుకుని లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కింద ఏముందో చూడకుండా, ఆ నున్నటి రాతి మీద అడుగుపెట్టి, గడప దాటి, దేవుని అర్ర దాకా నడిచిపోయింది. లోపలికి పోయాక గాని తాను ఎక్కడ నిలబడిందో ఆమెకు తెలియలేదు. ఆటో అతను ఇంజిన్ ఆపి సామాను దింపాడు.

పదకొండు రోజులు ఆమె భర్తతో మాట్లాడలేదు. పన్నెండో రోజు పట్టాను నెత్తిన పెట్టుకుని చిల్పూరు గుట్ట ఎక్కింది, వెనుక సదానందం మోకాళ్ళు పట్టుకుని ఎక్కాడు. ఇప్పుడది దేవుని అర్రలో ఉంది. పండగపూట ఆమె దాని మీద కూర్చుంటుంది, ఇంకెవరూ తాకరు. సజ్జ మీది దొంగ చీరె సంగతి కూడా దాగలేదు. సంచి విప్పి చూసి, ఆమె ఒక్కటే మాట అన్నది: "బియ్యం మరకలు ఎక్కడన్న ఇటుక వరుస లెక్క ఉంటయా?"

మొన్న దుకాణం దగ్గర నలుగురి ముందూ దుర్గయ్య ఈ కథ ఎత్తుకుంటే, సదానందం మేస్త్రి టేపును జేబులో పెట్టుకుని లేచాడు.

"గదంత ఉత్త అబద్ధం. సోమక్క ఎవలో నాకెరుక లేదు. భూపాలపల్లి మొఖమే నేను సూడలే. అసలు మా మెట్టు మీద పట్టానే లేదు. కావాలంటే వచ్చి సూసుకోండ్రి."